బరంపురం బైనాక్యులర్ ఆత్మకథ

నా ఒంటి మీద 8×30 అని చెక్కి ఉంటుంది. దూరాన ఉన్నదాన్ని 8 రెట్లు దగ్గర చేస్తానని మొదటి అంకె చెబుతుంది. నా ముందు అద్దాల వెడల్పు 30 మిల్లీమీటర్లని రెండోది చెబుతుంది. ముందు అద్దం ఏ బొమ్మనైనా తలకిందులు చేసి లోపలికి పంపితే, నా కడుపులో ఉన్న పట్టకాలు దాన్ని మళ్ళీ నిటారుగా నిలబెడతాయి. బరంపురంలో ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారి ఇల్లు నాది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, మనవల బడిలో ఇంగ్లీషు. సముద్రపు తేమకు అద్దాలు బూజు పట్టకుండా నన్ను సిలికా జెల్ పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో దాస్తారు.

మనవడు నన్ను మొదటిసారి చేతికి తీసుకుని తిరగేసి చూశాడు. ఇల్లంతా చిన్నదైపోయిందని గంతులేశాడు. మాస్టారు కసురుకోలేదు. "అలాగే పట్టుకుని, ఇప్పుడు ఆ చివర చీమ మీదికి దగ్గరగా పెట్టరా" అన్నారు. తిరగేసి దగ్గరగా పెడితే నేను భూతద్దాన్ని. చీమ మీసాలు చూసి వాడు అరిచిన అరుపు నాకు బాగా గుర్తు.

బరంపురం వాళ్ళకి జూ అంటే విశాఖలో చుట్టాల ఇంటికి వెళ్ళినప్పుడు చూసే ఇందిరాగాంధీ జూ, లేదంటే భువనేశ్వర్‌లో 1960లో మొదలైన నందన్‌కానన్. మావాళ్ళు ఎక్కువగా వెళ్ళేది నందన్‌కాననే. ఆ జూకి సోమవారం సెలవు కనుక ఆదివారం పొద్దున్నే రైలు, పులిహోర డబ్బా, రెండు నోటుబుక్కులు, నేను. అక్కడ జనాన్ని చూస్తే నాకు దిగులేస్తుంది. "పులిని చూశావా? అయితే పద, సింహం దగ్గరికి" అంటూ పిల్లల రెక్క పట్టి లాక్కుపోతారు. పడుకున్న జంతువుని లేపాలని ఈలలు వేస్తారు. సాయంత్రానికి ఆ పిల్లలు అన్నీ చూసి ఉంటారు, దేన్నీ చూసి ఉండరు.

మాస్టారు మనవల్ని ఘరియల్ మొసళ్ళ దగ్గర కూర్చోబెట్టారు, గంటసేపు కదలకూడదని.

"తాతయ్యా, అది నోరు తెరుచుకుని ఎందుకు పడుకుంది?" అంది మనవరాలు.

"ఆకలేసిందేమోనే" అంది వాళ్ళమ్మ.

"అన్నీ తెరిచాయా అమ్మడూ?" అన్నారు మాస్టారు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

పిల్ల నన్ను కళ్ళకి ఆనించుకుంది. చిన్న చేతులు వణుకుతుంటే మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చింది. సన్నగా పొడవుగా ఉన్న ఆ మూతి, దాని అంచున సూదుల్లా వరసకట్టిన పళ్ళు, ఎండకి ఆరి తెల్లబడిన బురద, అన్నీ నాలోంచి ఆమె కంట్లోకి వెళ్ళాయి. ఒడ్డున ఎండలో ఉన్నవాటిలో చాలావాటి నోళ్ళు తెరిచి ఉన్నాయి. నీళ్ళలో ఉన్నవాటివి మూసి ఉన్నాయి. "నీళ్ళలో ఉన్నదానికి ఆకలెయ్యదా?" అన్నాడు తమ్ముడు. వాళ్ళమ్మ నవ్వేసి, తన మాట వెనక్కి తీసుకుంది. ఈలోగా ఒకటి నీళ్ళలోంచి ఒడ్డుకెక్కింది. చాలాసేపు నోరు మూసుకునే పడుకుని, ఒళ్ళు ఆరాక మెల్లగా తెరిచింది. అంతా నోటుబుక్కులోకి ఎక్కాకే మాస్టారు పెదవి విప్పారు. మొసలి మనలా లోపల వేడి పుట్టించుకోలేదనీ, ఎండలో వెచ్చబడుతుందనీ, తల మరీ వేడెక్కకుండా నోరు తెరిచి చల్లబరుచుకుంటుందని శాస్త్రవేత్తలు చెబుతారనీ చెప్పారు. 1980లో ప్రపంచంలోనే తొలిసారి మనుషుల సంరక్షణలో ఘరియల్ పిల్లలు పుట్టింది ఈ నందన్‌కానన్‌లోనేనని కూడా.

అదే ఏడాది ఇక్కడ మామూలు రంగు పులులైన దీపక్, గంగలకి తెల్ల పిల్లలు పుట్టాయి. అదెలాగని పిల్లలు అడిగితే జవాబు బరంపురం వచ్చాక దొరికింది. అష్టాచమ్మా కోసం తెల్లగా అరగదీసిన చింతగింజలు, అరగదీయనివి సగం సగం కలిపి రెండు గిన్నెల్లో పోశారు. తల్లి గిన్నెలోంచి ఒకటి, తండ్రి గిన్నెలోంచి ఒకటి కళ్ళు మూసుకుని తీయాలి. రెండూ తెల్లవైతేనే తెల్లపులి. తీసి, రాసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీసి రాత్రి అన్నాల వేళ దాకా ఆడారు. నాలుగింట ఒక వంతుకి దగ్గరగా వచ్చింది లెక్క. ఆ ఆటలో నాకు పని లేదు. అయినా జూ చూడడంలో అదే గొప్ప భాగమని నా నమ్మకం.

జూలో కనిపించనిది చాలా ఉంది. కృష్ణజింక కొమ్ముల మెలికలు అక్కడ తాపీగా లెక్కపెట్టొచ్చు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయనీ, కృష్ణజింకవి రాలవనీ పక్కపక్క ఆవరణల్లో చూపించొచ్చు. కానీ కృష్ణజింక పరుగెత్తితే ఎలా ఉంటుందో గోడల మధ్య తెలియదు. అందుకే మాస్టారు అస్కా వైపు భేట్నాయికి బండి కట్టించారు. అక్కడ పెసర, మినుము చేలలో మందలు మేస్తుంటే ఊరివాళ్ళు తరమరు. ఒకప్పటి కరువులో ఈ జింకలు వచ్చాకే వాన పడిందని వాళ్ళ నమ్మకం. "జింకలొస్తే వాన పడిందా, వాన పడితే గడ్డికి జింకలొచ్చాయా?" అంది మనవరాలు. మాస్టారు మురిసిపోయారు. అయితే ఆ నమ్మకమే ఇన్ని జింకల్ని బతికించిందనీ, దాన్ని చిన్నచూపు చూడొద్దనీ గట్టిగానే చెప్పారు. గోధుమరంగు కుర్ర మగవాటినీ, నల్లబడిన పెద్దవాటినీ వేరుచేసి లెక్కపెట్టడానికి నేను పనికొచ్చాను. మంద ఒక్కసారి గాల్లోకి ఎగిరినప్పుడు మాత్రం నన్ను దించేసి ఉత్త కళ్ళతో చూశారు.

ఈ వేసవిలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోటు, పొదంపేట తీరం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇక్కడ గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి తెలిసింది 1994లో. తెల్లవారుజామున తాబేలు పిల్లలు పాదాల దగ్గరే పాకుతుంటే నేను సంచిలోనే ఉండిపోయాను. టార్చి కూడా వెయ్యలేదు, వెలుగు కనిపిస్తే అవి సముద్రమనుకుని దారి తప్పుతాయి. గూట్లో ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయని అక్కడే విన్నారు.

ఇంటికొచ్చాక పెరట్లో రెండు ఇసుక కుప్పలు వెలిశాయి. ఒకటి ఎండలో, ఒకటి వేపచెట్టు నీడన, చెరో థర్మామీటరు. మొదటిరోజు తేడా చూసి మనవరాలు లెక్క తేలిపోయిందంది. మధ్యాహ్నం ఒక్కసారి చూస్తే చాలదు, గుడ్లు రాత్రి కూడా ఇసుకలోనే ఉంటాయి కదా అన్నాడు తమ్ముడు. ఇప్పుడు రాత్రిపూట లేచి అంకెలు చూసే వంతు ఎవరిదన్న దాని మీద తగువు నడుస్తోంది.