‘దాస్ మేడ్‌షెన్’ వాక్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

జర్మన్ నేర్చుకునే వారెవరికైనా మొదట్లోనే చుట్టాల పాఠం ఎదురవుతుంది. నర్సు ఉద్యోగానికి వెళ్లేవారు, ఎమ్మెస్ చదవబోయేవారు, అక్కడున్న భర్త దగ్గరికి చేరడానికి ఏ1 పరీక్షకు కూర్చునే కొత్త కోడళ్లు, అందరూ ఈ పాఠం దాటవలసిందే. పాఠ్యపుస్తకాలు మాత్రం దీన్ని పిల్లల వ్యవహారంగా ఎంచి, రంగుల బొమ్మలు వేసి తేలిగ్గా దాటేస్తాయి. మనుచరిత్రకూ వసుచరిత్రకూ టీకలు రాసిన పెద్దలెవరూ ఇటు చూడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాఖ్య. మూలంలో లేనిదీ, అక్కర లేనిదీ రాయనని మల్లినాథసూరి ముందే చెప్పుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు.

మూలం

దాస్ మేడ్‌షెన్ బెజూఖ్ట్ మిట్ జైనెం బ్రూడర్ డీ టాంటె.

ప్రతిపదార్థం

దాస్ = నపుంసకలింగాన్ని తెలిపే ఉపపదము; మేడ్‌షెన్ = బాలిక; బెజూఖ్ట్ = చూడబోవుచున్నది; మిట్ = తోడ; జైనెం = తనయొక్క (ఈ పదము తగవులమారి; కింద చూడుడు); బ్రూడర్ = సోదరుడు; డీ = స్త్రీలింగాన్ని తెలిపే ఉపపదము; టాంటె = (దీని అర్థము వ్యాఖ్య చివర, వీలైనచో, చెప్పబడును).

విశేషములు

‘మేడ్‌షెన్’: ఆడపిల్లకు నపుంసకలింగమేమిటని పూర్వపక్షం. ఈ ఫిర్యాదు పాతదే. జర్మన్లు టర్నిప్ దుంపకు స్త్రీలింగమిచ్చి ఆడపిల్లకు మాత్రం ఇవ్వలేదని అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1880లోనే ఎకసెక్కం చేశాడు. సిద్ధాంతం: తప్పు పిల్లది కాదు, ‘షెన్’ ప్రత్యయానిది. ముద్దుకో చిన్నదనానికో అది ఏ నామం చివర చేరినా ఆ నామం నపుంసకమైపోతుంది. ‘మేడ్‌షెన్’కు మూలమైన ‘మాగ్డ్’ శుద్ధ స్త్రీలింగమే. పుంలింగమైన ‘బ్రూడర్’ను ముద్దు చేసి ‘బ్ర్యూడర్‌షెన్’ అంటే వాడికీ అదే గతి. కనుక ఇందులో పక్షపాతం లేదు.

నవ్వబోయే తెలుగు పాఠకుడు కాస్త ఆగాలి. అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది. గేదె వచ్చింది. సిటీ బస్సు కూడా వచ్చింది. స్త్రీలనూ పశుపక్ష్యాదులనూ జడపదార్థాలనూ తీసేయగా మిగిలినవే మహత్తులని బాలవ్యాకరణంలో చిన్నయసూరి లెక్క తేల్చాడు. ఆడవాళ్లు నలుగురు కలిసి వస్తే మాత్రం ‘వచ్చారు’. ఒక్కతే ఉంటే బస్సు జట్టు, గుంపుగా ఉంటే మగవాళ్ల జట్టు. జర్మన్‌లో ఈ పనికి ఒక ప్రత్యయం కావలసి వచ్చింది. మనం ఏ ప్రత్యయమూ లేకుండానే కానిచ్చాం.

‘జైనెం’: ఈ పదానికి ఇద్దరు యజమానులు. ముందున్న ‘జైన్’ ఎవరి సోదరుడన్నదాన్ని బట్టి వస్తుంది. సొంతదారు పుంలింగమో నపుంసకమో అయితే ‘జైన్’, స్త్రీలింగమైతే ‘ఈర్’. చివరి ‘ఎం’ ఆ సోదరుడి లింగ వచన విభక్తులను బట్టి వస్తుంది. మన ‘తన’ పక్కన అన్న వచ్చినా అక్క వచ్చినా చలించదు. అది తెలిసిన వాళ్లకు ఇక్కడ చెమట పట్టడం సహజం. ‘ఈరెం బ్రూడర్’ అని ఒక పాఠాంతరం ఉంది. వ్యాకరణం ఏమన్నా ఆడపిల్ల ఆడపిల్లే కదా అనే లోకజ్ఞుల వాడుక అది. వ్యాకరణాన్ని గట్టిగా పట్టుకునేవారు ‘జైనెం’ వదలరు.

‘మిట్’: దీని అర్థం మనకు తృతీయ, ‘తోడ’. రూపం మాత్రం చతుర్థి. ‘సోదరుడితో’ అనవలసిన చోట ‘సోదరుడికి’ అనే వేషం వేయించడం ఈ భాష రివాజు. కారణమడిగితే ‘మిట్’ తర్వాత అంతే అంటారు. సూత్రానికి కారణం అడగరాదు.

‘డీ టాంటె’: ఇది కర్మ, ద్వితీయా విభక్తి. అయినా ప్రథమలో ఎలా ఉందో అలాగే ఉంది. తెలుగు నామానికి విభక్తి తోక అయితే జర్మన్ నామానికి తలపాగా. మాట చాలావరకు అలాగే ఉంటుంది, ముందున్న ఉపపదం మారుతుంది. ద్వితీయలో ఆ తలపాగా మార్చుకునేది పుంలింగ ఏకవచనం ఒక్కటే. బాబాయినో మామయ్యనో చూడబోతే ‘దేర్ ఓంకెల్’ కాస్తా ‘డెన్ ఓంకెల్’ అవుతాడు. ఆడవాళ్లను ఎవరు చూడబోయినా ‘డీ’ అలాగే ఉంటుంది. బహువచనంలో స్త్రీ, పురుష, నపుంసకాలన్నిటికీ ప్రథమలో మళ్లీ ఆ ‘డీ’ ఒక్కటే.

ప్రసంగవశాత్తు బహువచనం గురించి. ఫాటర్, ముటర్, బ్రూడర్, టోఖ్టర్ అనే నాన్న, అమ్మ, సోదరుడు, కూతురు బహువచనంలో చివర ఏమీ చేర్చుకోక లోపలి అచ్చు మార్చుకుంటారు. ఫాటర్ ఫేటర్ అవుతాడు, ముటర్ మ్యూటర్ అవుతుంది. ఇక్కడ ఏమరుపాటు పనికిరాదు. బోల్టుకు బిగించే నట్టునూ ‘ముటర్’ అనే అంటారు; దాని బహువచనం ‘ముటెర్న్’. అచ్చు మార్చడం మరిచి చివర నకారం తగిలిస్తే తల్లులందరూ మెకానిక్ షెడ్డులో తేలతారు.

సంకటం

ఇప్పుడు తాత్పర్యం రాయాలి. లింగం తేలింది, విభక్తి తేలింది, తగవులమారి పదం కూడా దారికొచ్చింది. కానీ బ్రూడర్ అన్నా, తమ్ముడా? మూలం చెప్పదు. టాంటె అత్తా, పెద్దమ్మా, పిన్నా? అదీ చెప్పదు. మూడు లింగాలకూ నాలుగు విభక్తులకూ పైసాతో సహా లెక్క చూపించే భాష, ఇంటికి పోయి ఎవరి కాళ్లకు దండం పెట్టాలో మాత్రం చెప్పలేకపోయింది.

పూర్వం వాళ్లకూ ఈ వివేకం ఉండేది. మేనత్త ‘బాజె’, అమ్మ తోబుట్టువు ‘మూమె’, తండ్రి సోదరుడు ‘ఫెటర్’, మేనమామ ‘ఓహైమ్’. తర్వాత ఫ్రెంచి నుంచి ఓంకెల్, టాంటె దిగుమతి అయ్యాయి. వాటి ధాటికి బాజె, మూమె, ఓహైమ్ వాడుకలోంచి తప్పుకున్నాయి. ఫెటర్ మాత్రం తండ్రి తరం నుంచి దిగజారి కజిన్‌గా మిగిలాడు. మనం కూడా ఆంటీ, అంకుల్ పుణ్యాన అదే బాటలో ఉన్నాం గనుక వాళ్లను ఏమీ అనలేం.

తాత్పర్యం

ఒక అమ్మాయి తన అన్నతోనో తమ్ముడితోనో కలిసి అత్తనో, పెద్దమ్మనో, పిన్నినో చూడడానికి వెళ్తోంది. ఈ లెక్కన అర్థాలు ఆరు. అందులో ఏది సరైనదో ఆ అమ్మాయినే అడిగి తెలుసుకోవాలి. చిన్నపిల్ల గనుక మర్యాదవాచకం ‘జీ’ అవసరం లేదు, ‘డూ’ అంటే చాలు.