సింహం వేషం

ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలి మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల నడకలో, నాలుగో అంతస్తులో మా ఫ్లాటు. బాల్కనీకి ఇనుప జాలీ. లోపల మేము, బయట కోతులు. ఎవరు ఎవర్ని చూడ్డానికి వచ్చారో టిక్కెట్లు చింపేవాడే చెప్పాలి.

ఆ ఆదివారం మా బావమరిది సోఫాలో వాలి జంతువుల చానల్ చూస్తున్నాడు. కాకినాడలో బీటెక్ చేశాడు. నాలుగేళ్లుగా బ్లూ లైన్ పట్టుకుని కరోల్ బాగ్ వైపు కోచింగ్‌కి వెళ్లొస్తున్నాడు. తెర మీద సింహం పావుగంట నుంచీ కళ్లు తెరవలేదు.

"ఇదేం ప్రోగ్రాం బావా! అరగంటకో ఆవలింత."

"సింహం రోజుకి ఇరవై గంటల దాకా పడుకుంటుందిరా. నీకూ దానికీ జూలు ఒక్కటే తేడా."

వాడు లేచి కూర్చున్నాడు. "ఐడియా చెప్తా విను. ఓ మనిషికి సింహం వేషం కట్టి మందలోకి తోలెయ్యాలి. తెలుగులో క్రికెట్ కామెంటరీ. జింక తప్పించుకుంటే థర్డ్ అంపైర్. వేషం బయటపడిందా, వాడు ఎలిమినేషన్! మర్నాడు ఇంకొకడు."

"ఇలాంటి బుర్ర నీ ఒక్కడికే ఉందనుకోకు" అన్నాను. 2014 డిసెంబరులో డిస్కవరీ చానల్ పాల్ రోసోలీ అనే అమెరికన్‌కి కవచం తొడిగి అనకొండకి ఫలహారంగా చూపించింది. కార్యక్రమం పేరు 'ఈటెన్ అలైవ్'. తీరా పాము చుట్టుకోగానే చెయ్యి విరిగేట్టుందని ఆయన కేకేశాడు, లాగేశారు. మింగలేదని జనం తిట్టారు. పాముని కాదు, చానల్‌ని.

"మనవాళ్లకి అంత తెగింపు ఎక్కడిది!" అని పెదవి విరిచాడు.

"ఎందుకు లేదు? అదే ఏడాది, ఇక్కడే, ఢిల్లీలో."

పార్లమెంటు చుట్టుపక్కల కోతుల బెడద. కోతికి కొండముచ్చంటే హడల్. అందుకని మొదట్లో నిజం కొండముచ్చుల్నే తాడు కట్టి తిప్పేవాళ్లు. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొండముచ్చుని అలా కట్టేసి వాడుకోకూడదు. మనిషిని వాడుకోకూడదని అందులో లేదు. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ 40 మంది కుర్రాళ్లని పెట్టుకుంది. పని: కొండముచ్చుల్లా అరిచి కోతుల్ని తరమడం. ఇది నా కల్పన కాదు, 2014లో అప్పటి పట్టణాభివృద్ధి మంత్రి, మన వెంకయ్య నాయుడు గారే రాజ్యసభకి రాతపూర్వకంగా చెప్పారు.

చెబుతూ చెబుతూ నాకే నవ్వాగలేదు. వాడు నవ్వలేదు. రిమోట్ అందుకుని టీవీ నోరు నొక్కేశాడు.

"పర్మనెంటా బావా, కాంట్రాక్టా?"