మేడ మీద నా కొలువు

నేను రాజమండ్రిలో ఒక మేడ మీద కొలువు చేసే ఛార్జింగు లాంతర్ని. నా ఒంట్లో ప్రాణమంతా ఒకే ఒక్క లిథియం అయాన్ సెల్లు. అడ్డం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. అందుకే దాన్ని 18650 అంటారు.

కొట్లో ఉన్న రోజుల్లో నన్ను పలకరించినవాళ్ళు లేరు. నా పక్కనే 600 ల్యూమెన్ల వాడొకడు ఉండేవాడు. వచ్చినవాళ్ళంతా "బాగా వెలుగొచ్చేది చూపించండి" అనడం, వాణ్ణి వెలిగించగానే కళ్ళు చికిలించుకుంటూనే మెచ్చుకోవడం! మా ఇల్లాలు మాత్రం మా ఇద్దరి అట్టపెట్టెలూ తిప్పి తిప్పి చదివింది.

"ఆరుబయట పెట్టేదండీ. వాన కొడితే ఏమవుద్ది?"

"ఆయ్, వాటర్‌ప్రూఫేనండి."

"ఐపీ నంబరెంతండీ?"

కొట్టాయన తడబడ్డాడు. నా పెట్టె మీద ఐపీ 65 అని ఉంది. 6 అంటే లోపలికి దుమ్ము చొరబడదు, 5 అంటే ఏ వైపు నుంచి నీటిధార కొట్టినా తట్టుకుంటాను. బకెట్లో ముంచితే మాత్రం మాటివ్వలేను, ఆ పనికి 67 వాళ్ళు వేరే ఉన్నారు. మా 600 గారి పెట్టె మీద అసలు నంబరే లేదు.

ఆవిడ చూసిన రెండో సంగతి రంగు. వాడిది 6500 కెల్విన్ల తెలుపు, నాది 2700 పసుపు. నిజానికి ఇద్దరిలోనూ మొదట పుట్టేది నీలం వెలుగే. ఎల్‌ఈడీ మీద పూసిన పొడి ఆ రంగు మారుస్తుంది. నాలో నీలం చాలావరకు ఆ పొడిలోనే ఇంకిపోతుంది. పురుగుల్లో చాలావాటి కళ్ళకి పసుపు కన్నా నీలమే ఎక్కువ ఆనుతుంది. తొలకరి పడ్డ సాయంత్రం పక్క మేడ మీద తెల్లలైటు కింద భోజనానికి కూర్చున్నవాళ్ళ కంచాల నిండా ఉసిళ్ళ రెక్కలే! మా దగ్గరికి రానే రావని అనను, దీపం కనబడితే ఉసిళ్ళు ఆగుతాయా? కాకపోతే అన్నం కలుపుకోగలుగుతాం.

నా వెలుగుకి మూడు మెట్లున్నాయి. "30 గంటలు వెలుగును" అని పెట్టె మీద గొప్పగా వేశారు, అది అడుగు మెట్టు లెక్క. పై మెట్టులో మండిస్తే 3 గంటలే. ఆ ముక్క చిన్నక్షరాల్లో ఉంటుంది.

మా ఇంట్లో నాకు అడుగు మెట్టే కొలువు. అదీ మనుషుల మధ్య కాదు. మధ్యలో పెడితే నేను తప్ప ఇంకేమీ కనబడదు. పిట్టగోడ మూల, నేల మీద, గోడ వైపు తిప్పి కూర్చోబెడతారు. సున్నపు గోడకి తగిలి తిరిగొచ్చే కాస్త వెలుగులో అందరి ముఖాలూ తెలుస్తాయి, తలెత్తితే చుక్కలూ ఉంటాయి. పెళ్ళిళ్ళలో పెట్రోమాక్సు లైట్లు చూసి పెరిగిన అమ్మమ్మగారికి మొదట్లో నేను ఆనలేదు. "ఇదేం దీపమే, గుడ్డిగా!" అంది. ఇప్పుడు పున్నమి నాడు నన్ను ఆర్పించేది ఆవిడే. దానికి నాకేం కోపం లేదు, ఛార్జింగు మిగులుతుంది.

నాకు పడనిది ఎండ. మేలో కాలిపోయే స్లాబు మీద పగలంతా వదిలేస్తే లిథియం సెల్లు తొందరగా ముసలిదైపోతుంది. అందుకే తెల్లారేసరికి నన్ను కిందికి దింపుతారు. ఊరెళ్తే సగం ఛార్జింగుతో అలమారలో పెట్టి వెళ్తారు. నా అడుగున నాలుగు మరలున్నాయి, సెల్లు అలిసిపోతే విప్పి కొత్తది వేయొచ్చు. జిగురుతో మూసేసినవాళ్ళకి ఆ యోగం లేదు.

పై మెట్టు అక్కరపడేది అష్టాచెమ్మాలోనే. మనవడు గవ్వలు విసిరి, ఎవరూ చూడకముందే "అష్టా!" అని అరిచి కాయ జరిపేస్తాడు. అమ్మమ్మగారు చప్పున వాడి చెయ్యి పట్టుకుని, "ఆగరా, ఆ లైటు పెంచండర్రా, ఎన్ని పడ్డాయో చూద్దాం" అంటుంది.