కమ్మ పక్కింట్లోనే కంపు

‘ఏదో వాసనొస్తోందండీ’ అంటే మల్లెపూలకోసం వెతికేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. చెత్తబుట్టకేసి చూస్తారు. మంచికీ చెడుకీ పనికొచ్చిన వాసన మెల్లగా చెడువైపే ఒరిగిపోతోంది. ఒక్క ‘కమ్మ’ మాత్రం ఇంకా పరువు నిలబెట్టుకుంది.

నిలబెట్టుకోవడమేమిటి, ముక్కు దాటి నాలుకను, చెవిని, చివరికి నిద్రను కూడా ఆక్రమించింది. కమ్మటి పెరుగు, కమ్మటి పాట, కమ్మటి కునుకు. అయినా పట్టింపు గట్టిదే. కొత్తావకాయ అదిరిపోతుంది గానీ కమ్మగా ఉండదు. దాన్ని కలుపుకున్న ముద్దపప్పు, నెయ్యి కమ్మగా ఉంటాయి. పెరుగు పులిసిందా, బిరుదు పోయినట్టే. ఆత్రేయపురం పూతరేకుల సంగతే చూడండి. బోర్లించిన కుండమీద పిండి నీళ్లలో ముంచిన గుడ్డ అలా పరిచి ఇలా తీస్తే కాగితంలాంటి రేకు లేస్తుంది. ఒట్టి రేకు నోట్లో వేసుకుంటే చప్పిడి. కాచిన నెయ్యి తగిలాకే కమ్మదనం. 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపులో సగం వాటా నేతికి రావాల్సింది!

(చెవికమ్మ, తాటికమ్మ వేరే లెక్క. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని లాభం లేదు.)

తమిళంలో పరిమళించడాన్ని ‘కమళ్’ అంటారు. కన్నడంలో ‘కంపు’ అంటే సాక్షాత్తూ సువాసన. మన కంపూ ఆ కుదుటిదే. తెలుగునాట మురిక్కాలవ పాలైంది. రాజమండ్రి పిల్ల బెంగళూరు కోడలై వెళ్తే, జడలో పూలు చూసి అత్తగారు ‘ఎంత కంపో’ అని మురిసిపోయినా అలిగి పుట్టింటికి రాకూడదు. తమిళుల ‘నాట్రం’ కూడా ఒకప్పుడు సువాసనే, ఇప్పుడు దుర్గంధం.

ఇలా మాటల అర్థాలు కొట్టుకుపోకుండా కాబోలు, 1852లో బ్రౌన్ దొర తెలుగు మాటలకు ఇంగ్లీషు అర్థాలతో నిఘంటువు అచ్చేయించాడు. అదే ఏడు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. ఒకరు మాటలకు గట్టు కడితే, ఇంకొకరు గోదారికి కట్టారు. వరద రోజుల్లో సముద్రంనుంచి ఎదురీదుకొచ్చే పులసకు ఆ గట్టు అడ్డం పడింది. ఇప్పుడది దిగువనే వలలో పడి వేలల్లో ధర పలుకుతోంది. మట్టి దాకలో పులుసు మరుగుతుంటే, శాకాహారుల ఇంట్లో కిటికీలు మూసి ‘కంపు’ అంటారు. పుస్తెలమ్మి కొన్నవాళ్లు మాత్రం, మర్నాటికి ఇంకా కమ్మగా ఉంటుందని మూతపెట్టి పడుకుంటారు.