కర్బన పట్వారీ

పట్వారీల కాలం పోయింది గానీ పట్వారీ చూపు పోలేదు. మాహూర్‌లోని తెలుగిళ్లలో ఏ ఒక్కింట్లోనో, రిటైరైన ఓ పెద్దమనిషి కళ్లలో అది ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. మాహూర్ ఉన్న నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే కాబట్టి, ఆ చూపు ఎలాంటిదో అక్కడి ముసలివాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. వెనకటి పట్వారీ ఎవరి పొలం ఎన్ని గుంటలో రాసేవాడు. ఈయన ఎవరింట్లోంచి ఎంత పొగ పోతోందో రాస్తాడు.

మహావితరణ్ కరెంటు బిల్లు వస్తే ఊరంతా రూపాయలు చూస్తుంది, ఈయన యూనిట్లు చూస్తాడు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని ఆయనకు కంఠోపాఠం. 180 యూనిట్లు కాలాయంటే, "126 కిలోలు. అంటే నేను, నా భార్య కలిసి తూగినంత" అంటాడు. తన బరువు పేరెత్తినందుకు ఆవిడ ఆ పూట మాట్లాడదు.

ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకంలో మూడు గడులు. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు ఇలాగే స్కోప్ 1, స్కోప్ 2, స్కోప్ 3 అని రాసుకుంటాయట. ఇంట్లోనే మండేది మొదటి గడి: గ్యాస్ పొయ్యి, స్కూటర్. మన కోసం ఎక్కడో చంద్రపూర్ చిమ్నీ లాంటి చోట మండేది రెండో గడి: కరెంటు. మన పేరు చెప్పి ఇంకెవరో మండించేదంతా మూడోది. కోడలి పుట్టింటి నుంచి వచ్చే మామిడికాయ తొక్కు, దాన్ని మోసుకొచ్చిన బస్సుతో సహా ఇందులోకే వస్తుంది. వియ్యాలవారికి ఈ సంగతి ఇంకా తెలియదు.

ఛాయ్ బండి దగ్గర ఈయన నోరు విప్పితే బేరం దెబ్బతింటుంది. "లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తది" అంటాడు.

"కాకా, లీటరు పెట్రోలు తూకమే ముప్పావు కిలో. అండ్ల రెండుంబావు కిలోలు ఎట్ల పుడతయ్?" అని ఓ కుర్రాడు పట్టుకుంటాడు.

"మిగిలిందంతా గాలిలోని ఆక్సిజన్ బిడ్డా! కార్బన్ మన టాంకిల ఉంటది, ఆక్సిజన్ గాలిలకెళ్లి వచ్చి దాన్ని పట్టుకుంటది. లగ్గానికి పిల్లను మనం తెస్తే, పిలగాడు ఊరిమీదికెళ్లి ఊరేగి వచ్చినట్టు." అంత సొగసుగా చెప్పి స్కూటర్ మీద ఇంటికి పోతాడు. ఇల్లు రెండు సందుల అవతల.

దర్శనానికి చుట్టాలొస్తే ఈయనకు పండగ. రేణుకామాత కొండకు, దత్త శిఖరానికి ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే చుట్టాలకు ఆ ఇంట కొదవలేదు. చెప్పులు విడవకముందే విచారణ మొదలు.

"ఎట్ల వచ్చిన్రు బావా?"

"కార్ల."

"ఎంతమంది?"

"ఇద్దరమే."

"బస్సు లేదా?"

బావ మొహం మాడిపోయి కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోతే, అక్కడ సెప్టిక్ ట్యాంకు మూత చూపించి ఇంకో పాఠం. కింద గాలాడని చోట కుళ్లేటప్పుడు మీథేన్ పుడుతుందనీ, వందేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుందనీ చెబుతాడు. ఇది భోజనానికి ముందు చెబుతాడు. ఆ ఇంట అన్నం మిగలడానికి ఇదే కారణమని ఆయన భార్య అనుమానం. మిగిలిన అన్నాన్ని ఈయన వెంటనే మూడో గడిలో రాసేస్తాడు.

కొండ మీదికెక్కినా పుస్తకం వెంటే. జెనరేటర్ మోత వినిపిస్తే మొహం చిట్లిస్తాడు. అమ్మవారి ప్రసాదంగా ఇచ్చే దంచిన తాంబూలం దగ్గర మాత్రం మనసు నిమ్మళమవుతుంది. రోట్లో తమలపాకు, వక్క కలిసి నలుగుతుంటే, ఆ ఎర్రటి ముద్దను అరచేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంటాడు. "మోటరు లేదు, మంట లేదు. సున్నా" అని గట్టిగా అంటాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు సున్నం తక్కువైందేమో అనుకుంటారు.

ఇంట్లో ఆయన యుద్ధమంతా నీళ్ల మీదే. అంట్లు తోమేచోట నల్లా ధారను గిలాసతో కొలుస్తాడు. "మోటరు 330 అడుగుల కిందికెళ్లి గుంజుతున్నది. ఊరికెనే వస్తున్నయా?" అని కోడలి వెనక నిలబడతాడు. ఆ పిల్ల బీఎస్సీ చదివింది. చాలాకాలం ఊరుకుంది. ఒకరోజు ఆయన పుస్తకం, ఆయన పెన్నే తీసుకుని కూర్చుంది.

"చూడు మామా, నీ ఫార్ములతోనే చేస్తున్న. వెయ్యి లీటర్లు వంద మీటర్లు పైకి తేవాలంటే 0.27 యూనిట్ల పని. పంపు పాతది, అండ్ల నలభై శాతమే పనికొస్తదనుకో. అప్పటికీ 0.7 యూనిట్ దాటదు. అంటే అర కిలో పొగ. ఇగ నీ స్నానం. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లు ఇరవై అయిదు డిగ్రీలు వేడి చెయ్యాలంటే 0.58 యూనిట్. నువ్వు రెండు బకెట్లు పోసుకుంటవ్. ఎనిమిది వందల గ్రాములు. ఇంటిల్లిపాది వాడే వెయ్యి లీటర్ల కన్నా నీ రెండు బకెట్లే బరువు."

పట్వారీ అంకెల్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు. నీటిని పైకి ఎత్తడం చవక, కాచడమే ఖరీదు. నల్లా కింద గిలాస పట్టుకుని ఆయన కాపలా కాసినన్నాళ్లూ దొంగ స్నానాలగదిలో గీజర్ రూపంలో గోడకు వేలాడుతున్నాడు. భార్య మాత్రం ఏ గడీ గీయకుండానే ఎండాకాలం బకెట్‌ను పెరట్లో ఎండకు పెట్టి ఆ నీళ్లే పోసుకుంటోంది.

అయినా పట్వారీ ఓడిపోతాడా? మర్నాడు పుస్తకంలో నాలుగో గడి వెలిసింది: "మోకాళ్ల నొప్పులు". గీజర్ కరెంటంతా అందులోకి బదిలీ. మొత్తంలో కలపలేదు.

"ఇదేం లెక్క మామా?" అంది కోడలు.

"దేశాల లెక్క బిడ్డా. దేశాల నడుమ తిరిగే విమానాలయి, ఓడలయి పొగ ఏ దేశమూ తన మొత్తంల కలుపదు. పక్కకు రాసి చూపెడ్తది, గంతే. గంత పెద్ద దేశాలకు లేని పట్టింపు నా మోకాళ్లకెందుకు?"

వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది: "అట్లయితే పొద్దుగాల నీ ఛాయ్ గూడ పక్కకే రాసుకో. చూపెడ్త, పొయ్య."