అమెరికా చక్రపాణి

పెన్సిల్వేనియాలోనో ఒహాయోలోనో ఊరికి కాస్త ఎడంగా, ఇంటికన్నా గ్యారేజీ పెద్దదిగా కట్టుకున్న మనిషి కనిపిస్తే అది ఆయనే. అసలు పేరు బాబో బిల్లో అయ్యుంటుంది. మన సౌకర్యం కోసం చక్రపాణి అందాం. అరవై దాటాయి, ఉద్యోగం అయిపోయింది, పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. చర్చిలో మోకరిల్లమంటే మోకాలి నొప్పి అంటాడు గానీ, పెట్రోలు బంకులో పాత ట్రక్కు ఆగితే చాలు, సిమెంటు నేలమీద పడుకుని దాని చక్రాల వెనక్కి టార్చి వేస్తాడు. బండి ఓనరు ఏమైందోనని కంగారుగా దిగి వస్తాడు. "ఏం లేదండీ, రివెట్లు చూస్తున్నాను" అంటాడు చక్రపాణి.

ఆయన దగ్గరున్నది 1951 నాటి షెవర్లే 3100, అరటన్ను పికప్పు. 1947 వేసవిలో మార్కెట్లోకి వచ్చిన 'అడ్వాన్స్ డిజైన్' వరసలోది. ఆ వరస 1955 మార్చిలో ఆగి కొత్త రూపం వచ్చింది గనక షెవర్లే ట్రక్కుల్లో 1955లు రెండున్నాయి. ఈ సంగతి మీరుగా ఎత్తారా, సాయంత్రం దాకా ఇంటికి వెళ్లలేరు. ఉబ్బిన మడ్గార్డులు, ముందు అయిదు అడ్డపట్టీల గ్రిల్లు, 216 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిను. గడ్డిమోపులు, పందుల దాణా, పాలక్యాన్లు మోయడానికి పుట్టిన బండి. దాన్ని కొత్తగా కొన్న రైతు చక్రాలు గుండ్రంగా ఉన్నాయా లేదా అన్నంతవరకే చూసి ఉంటాడు.

చక్రపాణికి గుండ్రంగా ఉంటే చాలదు, కరెక్టుగా ఉండాలి.

బండి ఆయన చేతికొచ్చేసరికి చక్రాలు కరెక్టుగా లేవు. మునుపటి ఓనరు పాతవి పీకేసి, పదిహేను అంగుళాల ర్యాలీ చక్రాలు వేయించాడు. మెరిసే రింగులు, తెల్లటి అక్షరాల బలిసిన టైర్లు. బండి బాగా నడిచేది, వీధిలో పిల్లలు బొటనవేలు ఎత్తి చూపించేవాళ్లు. చక్రపాణి మాత్రం ఆ చక్రాల వైపు చూడకుండా బండి ఎక్కడం సాధన చేశాడు. భార్య ఒకసారి "ఇవే బావున్నాయి కదా" అంది. ఆ వాక్యం ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ఫ్యాక్టరీలో వేసిన చక్రం పదహారు అంగుళాలది. ఆరు బోల్టులు. ఎదురెదురు రంధ్రాల మధ్య, నడిమి నుంచి నడిమికి, అయిదున్నర అంగుళాలు. ఇప్పటి లెక్కలో 139.7 మిల్లీమీటర్లు. ఇదే ఆరు బోల్టులు, ఇదే కొలత మన వైపు చోటామోటా నాయకుల ఇళ్లముందు ఆగి ఉండే టయోటా ఫార్చూనర్‌కీ ఉంది. అంటే కాగితం మీద ఎమ్మెల్యేగారి చక్రం చక్రపాణి బండికి బోల్టుల వరకు సరిపోతుంది. ఈ మాట ఆయనకు తెలుసు. ఎవరైనా పైకి అంటే మాత్రం ఆ పూట అన్నం సహించదు.

బోల్టులు కలిసినంత మాత్రాన చక్రం కలిసినట్టు కాదని ఆయన వాదన. నిజం చెప్పాలంటే ఇందులో న్యాయం ఉంది. చక్రాన్ని బోర్లించి, వెనక అంచుమీద అడ్డంగా బద్ద పెట్టి, అక్కడి నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా టేపు దింపి కొలవాలి. ఆ లోతులో తేడా వస్తే టైరు లోపల ఏదో ఒకదానికి రాసుకుంటుంది, లేదా మడ్గార్డు దాటి బయటికి వస్తుంది. పాత చక్రాల్లో నడిమి పళ్లేన్ని రిమ్ముకు రివెట్లతో బిగించేవారు. ఆ సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టి ట్యూబు లేకుండా నడవవు. హబ్ క్యాపును పట్టి ఉంచే క్లిప్పులు కూడా పళ్లేనికే ఉంటాయి. అవి విరిగిపోయిన చక్రానికి మూత నిలవదు, మొదటి గుంతలోనే ఎగిరి కాలవలో పడుతుంది. ఆ మూత కోసం మరో వేట.

పైగా ఆరు బోల్టుల చక్రాలు అమెరికాలో కరువేమీ కాదు. షెవర్లే అరటన్ను ట్రక్కులకు 1970 మోడల్ దాకా ఆరే ఉండేవి. 1971లో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చినప్పుడు, రెండు చక్రాలకే పవరుండే బండ్లు అయిదు బోల్టులకు మారాయి. కాబట్టి పాతసామాను దిబ్బల్లో ఆరు రంధ్రాల ఇనుము గుట్టలుగా పడుంది. ఒకటి పదిహేను అంగుళాలది, ఇంకోదాని పళ్లెం తర్వాతి కాలపుది, మరోదానికి క్లిప్పుల వరస వేరు. దొరకడం లేదన్న బాధ ఓర్చుకోవచ్చు. రోజూ దొరుకుతూ ఉండి, దొరికిందల్లా తప్పుదవుతుంటే ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి?

పల్లెటూళ్లలో ఇంకో మాయ ఉంది. రైతులు పాత పికప్పుల ఇరుసులు కోసి గడ్డిబండ్లు, ట్రైలర్లు చేసుకున్నారు. అందుకని చక్రపాణి కారు నడుపుతూ రోడ్డు చూడడు, పొలాలు చూస్తాడు. ఎక్కడో కలుపుమొక్కల్లో కూరుకుపోయిన బండికి పదహారు అంగుళాల, ఆరు రంధ్రాల చక్రం కనిపిస్తుంది. బ్రేకు తొక్కుతాడు. రైతును బతిమాలి, బోల్టులు విప్పి, ఇంటికి తెచ్చి హబ్బుకు పెడితే ఎక్కదు. వ్యవసాయ పనిముట్ల చక్రాలకు కూడా బోల్టులు ఆరే గానీ, వాటి కొలత ఆరు అంగుళాలు. అరంగుళం తేడా, చూపుకు ఆనదు. మొదటిసారి మోసపోయాక అట్టముక్క మీద ఆరు రంధ్రాల అచ్చు కోసుకుని జేబులో పెట్టుకున్నాడు. పర్సు మరిచిపోతాడు గానీ ఆ అట్టను మరిచిపోడు.

ఫోర్డు వాళ్లతో ఆయనకు సరిపడదు. 1948లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-1కు అయిదే బోల్టులు. ఆ అయిదూ కూర్చున్న వలయం కూడా అయిదున్నర అంగుళాలే. విల్లీస్ జీపుదీ అదే, మన మారుతీ జిప్సీదీ అదే. "ఒక బోల్టు మిగుల్చుకున్నారు పిసినారులు" అంటాడు. డాడ్జి వాళ్లంటే మాత్రం భయంతో కూడిన గౌరవం. పాత డాడ్జిలకు ఎడమవైపు నట్లు ఉల్టా తిరుగుతాయి. విల్లీస్ జీపుల్లోనూ ఇదే తంతు. ఎడమవైపు నట్టును అలవాటు ప్రకారం విప్పబోయి, పానా మీద నిలబడి ఎగిరి, స్టడ్డు విరగ్గొట్టినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు.

ఇక అక్టోబరు వస్తే ఆయన యాత్ర హెర్షీకి. చాక్లెట్లకు పేరుబడ్డ పెన్సిల్వేనియా ఊరు. 1935లో ఫిలడెల్ఫియాలో పుట్టిన పాతకార్ల సంఘం ఏటా అక్కడ పెద్ద సంత జరుపుతుంది. మైదానాల్లో వేలకొద్దీ అంగళ్లు. తారు వేయకముందు వానొస్తే అక్కడ పిక్కల్లోతు బురద. ఇప్పుడు బురద లేదని చక్రపాణి కాస్త బాధపడతాడు, వెనకటి కష్టం లేకపోతే వెతికినట్టు ఉండదట.

అక్కడ చక్రాన్ని పరీక్షించే తీరు చూస్తే మన పాతకాలపు పెళ్లిచూపులే గుర్తొస్తాయి. ముందు దూరం నుంచి చూసీ చూడనట్టు నడిచి వెళ్లిపోతాడు. ఆసక్తి కనిపెడితే అంగడివాడు ధర పెంచుతాడు. రెండోసారి అటే వస్తాడు. మూడోసారి ఆగి పక్కనున్న కార్బురేటర్ ధర అడుగుతాడు. ఆ తర్వాతే చక్రం మీద చెయ్యి పడుతుంది. అట్ట పెట్టి రంధ్రాలు చూస్తాడు. రంధ్రాలు కోలగా సాగాయా అని వేలితో తడుముతాడు. నట్లు వదులుగా ఉండగా నడిపిన బండికి అలా సాగుతాయి. టైరు ఆనే అంచుమీద తుప్పు గుంతలు పడ్డాయేమో గోటితో గీకుతాడు. చివరికి జేబులోంచి నాణెం తీసి, కనపడని చోట రంగు గీస్తాడు. పైన వెండిరంగు, దాని కింద ఎరుపు, దాని కింద నలుపు, ఇంకా కింద ఏదో ముదురాకుపచ్చ. ఆకుపచ్చ తగలగానే ముఖం వెలిగిపోతుంది. వెంటనే ముఖం ముడుచుకుని, "తుప్పు బాగా ఎక్కింది" అంటాడు.

"ఇది యాభై ఒకటిదే" అంటాడు అంగడివాడు.

"అయ్యుండొచ్చు" అంటాడు చక్రపాణి. ఎదుటివాడు చెప్పిన సంవత్సరాన్ని ఒప్పుకోవడం ఆయన వంశంలో లేదు.

ఒక విషయంలో మాత్రం ఆయన వెనకడుగు వేస్తాడు. అది పిరికితనం కాదు. టన్ను, అంతకు మించిన పాత ట్రక్కులకు విడి రింగులతో బిగించే చక్రాలు ఉండేవి. మన హైవే పంచరు షాపుల్లో లారీ టైరుకు ఇనప రింగు సుత్తితో కొట్టి ఎక్కించడం చూసినవాళ్లకు సంగతి తెలుసు. రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే అది తుపాకిగుండై లేస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి దక్కడు. అమెరికాలో కార్మిక భద్రతా శాఖ 1980లో వీటికోసం ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఇనప బోను, శిక్షణ తప్పనిసరి చేసింది. ఇప్పుడు చాలా టైరు షాపులు అసలు ముట్టుకోవు. అలాంటి చక్రం ఎవరైనా ఊరికే ఇస్తామన్నా చక్రపాణి రెండు చేతులూ ఎత్తి దండం పెడతాడు.

చక్రాలు దొరికాక టైర్ల గొడవ. అప్పటి టైర్లు అడ్డనూలువి, ఇరుకువి, నిలువుగా ఎత్తుగా ఉండేవి. రేడియల్ టైరు అమెరికాలో మామూలు సంగతి అయింది 1970ల్లోనే. టెనెసీలో 1958లో మొదలైన కోకర్ టైర్ పాత అచ్చులతోనే కొత్త టైర్లు పోస్తుంది. కొనడానికి డబ్బు, నడపడానికి గుండె ఉండాలి. రోడ్డుమీద గీత కనిపిస్తే ఆ టైర్లు దాని వెంటే పోతాయి. ఎత్తైన టైర్ల విషయంలో ఆయన పట్టుదలకు అర్థం ఉంది. బండి వెనక ఇరుసు నిష్పత్తి 4.11, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఇంజిను పై గేరులోనూ నాలుగు పైచిలుకు చుట్లు తిరగాలి. టైరు చిన్నదైతే ముసలి ఇంజిను ఇంకా అరుస్తుంది. ర్యాలీ చక్రాల మీద హైవే ఎక్కినప్పుడు లారీలు హారన్ కొడుతూ దాటిపోయేవి. కరెక్టు చక్రాలు వేశాక కూడా దాటిపోతున్నాయి. ఇంజిను అరుపు కాస్త తగ్గింది, అంతే.

ఇంతకీ చక్రానికి ఏ రంగు వేయాలి? నలుపా, బాడీ రంగా? చారలుండాలా, ఉంటే ఎన్ని? ఇక్కడే ఆయనకు హెర్షీలో బద్ధశత్రువు దొరికాడు. ఆయనా చక్రపాణే, ఇంకో జిల్లా చక్రపాణి. ఈయన ఆకుపచ్చంటే ఆయన నలుపు అంటాడు. ఇద్దరి దగ్గరా పాత బ్రోషర్లున్నాయి, ఇద్దరివీ చేత్తో గీసిన రంగుబొమ్మలే. కార్ల కంపెనీలు చక్రాలను కెల్సీ-హేస్, మోటార్ వీల్, బడ్ లాంటి బయటి సంస్థల దగ్గర కూడా కొనే రోజులవి. ఆ వేళ షెడ్డులో ఏ డబ్బాలో ఏ రంగుంటే అదే వేశారేమో అని మూడోమనిషి ఎవరో అన్నాడు. ఇద్దరూ ఏకమై అతన్ని తరిమేశారు. నాలుగు వందల మార్కులకు బండ్లను దిద్దే న్యాయనిర్ణేతలున్న లోకంలో ఆ మాట అనకూడదు.

ఇలా కొంటూ పోగా గ్యారేజీలో చక్రాలు గోడ ఎత్తు పెరిగాయి. బండికి నాలుగూ వేశాడు. మిగిలినవి టార్పాలిను కింద. ఒక శనివారం ఆ వాసన పట్టి ఓ కుర్రాడు వచ్చాడు. తాతగారి 1951 బండి వారసత్వంగా వచ్చిందట, ముందూ వెనకా వేరువేరు చక్రాలున్నాయట, నాలుగు కావాలట. చక్రపాణి టార్పాలిను సగం తీసి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఏ టైరు వేస్తావు? ట్యూబు పెడతావా? రంగు ఎవరి చేత వేయిస్తావు?

కుర్రాడు అన్నిటికీ వినయంగానే జవాబు చెప్పాడు. చివర్లో నోరు జారాడు. "డ్రమ్ము బ్రేకులతో భయంగా ఉంది సార్. ముందు వాటికి డిస్కు బ్రేకులు వేయిద్దామనుకుంటున్నాను."

"వాటి క్యాలిపర్లు ఈ పళ్లేలకు తగులుతాయి. నువ్వు గ్రైండరు పెడతావు" అన్నాడు చక్రపాణి, టార్పాలిను మళ్లీ కప్పేస్తూ. "ఇవి అమ్మకానికి కాదు నాయనా."

కుర్రాడు బండి ఎక్కబోయాడు. చక్రపాణి మర్యాదకోసం గేటుదాకా వచ్చి, అలవాటు కొద్దీ అడిగాడు.

"స్టెప్నీ ఏదైనా ఉందా?"

"అసలుదే సార్. తాతగారు ఒక్కసారి కూడా దించలేదట. తొట్టికింద బోల్టు బిగుసుకుపోయి రావడం లేదు."

"ఒక్కసారి కూడా?"

"రంగు కూడా వేయలేదు సార్. ఫ్యాక్టరీలో ఎలా వేశారో అలానే ఉంది."

చక్రపాణి గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించుకొచ్చాడు. ఆ ఒక్కటీ నాకిచ్చేయ్, ఈ వరసలోంచి నీ ఇష్టం వచ్చిన నాలుగు ఏరుకో, నీ స్టెప్నీకి ఇంకొకటి ఊరికే ఇస్తాను అన్నాడు.

"మరి డిస్కు బ్రేకులు..." అని నసిగాడు కుర్రాడు.

"నీ బండి, నీ బ్రేకులు. జాకీ తెచ్చావా, నాది తియ్యమంటావా?"