గట్టు వేసినవాడిదే చెరువు!

కొల్లేటికోట అమ్మవారు పెద్దింట్లమ్మ కథలు మొదట ఎవరు కట్టారో ఎవరూ చెప్పలేరు. వాటిని అర నిమిషంలో ఏఐతో రాయించుకుని, అట్టమీద పేరూ ఫొటో వేసి, లోపల ‘సర్వహక్కులు రచయితవి’ అని హెచ్చరించడానికి మాత్రం అడ్డేమీ లేదు. ఆ ఊరున్న కొల్లేరు సరస్సులో ఈ విద్య పాతదే. అందరి నీటిలో గట్టు వేసి, చేపపిల్లల్ని వదిలి, ‘మా చెరువు’ అనేయడమే. కాకపోతే అక్కడ 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యమని జీవో వచ్చింది, 2006లో పొక్లెయిన్లు దిగి గట్లు కొట్టాయి. అక్షరాలకు ఇంకా కాంటూరు గీయలేదు. కంప్యూటరు సృష్టికి దాన్ని చేయించినవారే కర్త అని మన కాపీరైటు చట్టం 1994 సవరణలోనే చెప్పేసింది, ఇప్పటి ఏఐ చాట్‌బాట్లు పుట్టకముందే! యూజీసీ 2018 నిబంధనలేమో పరిశోధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదన్నాయి. యంత్రం మాటలు మార్చి రాస్తుంది కనక చాలాసార్లు పోలికే తేలదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

‘కవిత్రయం వ్యాసుడి నుంచి తీసుకోలేదా?’ అంటారు. తీసుకున్నారు, వ్యాసుడి పేరు చెప్పి మరీ. ‘యంత్రమూ కలం లాంటిదే’ అంటారు ఇంకొందరు. సరే, మరి గుడికి లేని శాసనాన్ని అది పుట్టించినప్పుడు ‘ఏఐ పొరపాటండీ’ అని తప్పుకోవడమెందుకు? శాలువాకు కర్త, చీవాట్లకు కలమా? ‘కథ ఈ ఊరివాళ్లది, రాత యంత్రానిది, దిద్దుబాటు నాది’ అని మొదటి పేజీలో వేస్తే కొంప మునగదు. ఫొటో కాస్త చిన్నదవుతుందేమో.